వెళ్లే తీగ, వచ్చే తీగ

డిగ్రీ చదివే రోజుల్లో మా ఊరి శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు పనికి సాయం వెళ్లేవాణ్ణి. బాక్సులు మోయడం, వైర్లు చుట్టడం, హరికథ అయ్యాక స్టాండ్లు సర్దడం నా వంతు. ఓ ఏడాది దాసుగారు చిడతలు పట్టుకుని స్టేజీ ఎక్కేసరికి బాక్సుల్లోంచి తుమ్మెద రొదలాంటి హోరు మొదలైంది. సౌండు పెంచితే హోరూ పెరుగుతోంది. తగ్గిస్తే దాసుగారి గొంతూ తగ్గిపోతోంది. మైకు మార్చారు, యాంప్లిఫయర్ మార్చారు. అదే హోరు.

మైకుసెట్టు యజమాని అరవై దాటిన మనిషి. మైకు దగ్గర మొదలుపెట్టి వైరును చేత్తో తడుముకుంటూ వెనక్కి నడిచాడు. పందిరి రాటల వరసలో ఒకచోట ఆగాడు. సీరియల్ బల్బులకూ ఫోకస్ లైట్లకూ కరెంటు తీసుకెళ్లే వైరుకే మైకు వైరును కలిపి, చూడ్డానికి పొందిగ్గా ఉంటుందని, జానెడుకో ముడి చొప్పున పురికొసతో కట్టేసి ఉంది. ముప్పై అడుగుల పొడవునా అంతే. కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆయన ముడులన్నీ కోయించి మైకు వైరును పందిరికి అవతలి పక్కనుంచి తిప్పించాడు. ఒక్కచోట మాత్రం రెండూ దాటుకోక తప్పలేదు. అక్కడ ఒకదానికొకటి అడ్డంగా, సరిగ్గా కూడిక గుర్తులా పెట్టించి, "ఈ రెంటినీ పక్కపక్కన పడుకోబెట్టకూడదు బాబూ. దాటాల్సొస్తే అడ్డంగా దాటెయ్యాలి" అన్నాడు. హోరు అణిగింది. పూర్తిగా పోలేదు, బాక్సుకు చెవి ఆనిస్తే వినిపిస్తూనే ఉంది. కానీ దాసుగారి గొంతు దాని మీదుగా పందిరి చివరిదాకా వెళ్లింది.

కరెంటు తీగను మనం నీళ్ల గొట్టంలా ఊహించుకుంటాం. రెండు గొట్టాలు ఆనుకుని ఉన్నంత మాత్రాన ఒకదాని నీళ్లు రెండోదాంట్లోకి పోవు కదా, తీగలూ అంతే అనుకుంటాం. పైన ప్లాస్టిక్ తొడుగు కూడా ఉందాయె. కానీ తీగలో జరిగే పని తీగలోనే ఆగిపోదని 1820లోనే తేలింది. డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ తీగలో కరెంటు పారించినప్పుడు దగ్గరున్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. 1831లో ఫారడే దీనికి రెండో సగం కనిపెట్టాడు. అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటే ఆ పరిసరాల్లో ఉన్న తీగ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి గోడలో ఉన్న ప్రతి కరెంటు తీగ చుట్టూ కంటికి కనబడని ఒక ఊపిరి సెకనుకు 50 సార్లు పొంగి, తగ్గి, దిశ మార్చుకుంటూ ఉంటుంది. మైకులో వినిపించే హోరు ఆ ఊపిరే.

అది పక్క తీగలోకి రెండు దార్లలో చొరబడుతుంది. మొదటి దారి మీ ఇంట్లోనే కనిపించవచ్చు. రాత్రి స్విచ్చు ఆపేశాక కూడా కొన్ని ఎల్‌ఈడీ బల్బులు సన్నగా వెలుగుతూనో, ఉండుండి మినుక్కుమంటూనో ఉంటాయి. బల్బు పాడైందని మారుస్తారు, కొత్తదీ అలాగే చేస్తుంది. స్విచ్చులో ఉండే చిన్న ఇండికేటర్ దీపం ఒక్కోసారి ఇందుకు కారణం. అది లేకపోతే సంగతి పైపులో ఉంది. స్విచ్చు నుంచి బల్బుకు వెళ్లే తీగ, ఎప్పుడూ 230 వోల్టులుండే ఫేజు తీగతో కలిసి ఒకే పైపులో చాలా దూరం నడుస్తుంది. రెండు రాగి తీగలు, మధ్యలో ప్లాస్టిక్. కెపాసిటర్ అంటే ఇదే కదా! ఫ్యానులో ఉండేదానితో పోలిస్తే ఇది అణువంత. అయినా పది మీటర్లు కలిసి నడిస్తే కొన్ని పదుల మైక్రోఆంపియర్లు ఆ ప్లాస్టిక్ మీదుగానే దాటిపోతాయి. పాతకాలపు ఫిలమెంటు బల్బుకు అది ఏ మూలకూ చాలదు. ఎల్‌ఈడీకి మాత్రం చీకట్లో కళ్లు తెరవడానికి చాలు. ఎక్కడా కలపకుండా వదిలేసిన తీగకు టెస్టర్ పెడితే దీపం వెలగడం కూడా చాలాసార్లు ఇందుకే.

ఇప్పుడు ఆ బల్బు తీగ స్థానంలో మైకు తీగను ఊహించండి. మామూలు మైకు నుంచి వచ్చే సంకేతం ఒకటి రెండు మిల్లీవోల్టులు. పక్కనున్న తీగలో 230 వోల్టులు. తేడా లక్ష రెట్లకు పైనే. లక్షలో ఒక్క వంతు దాటి వచ్చినా అది గొంతుతో సమానం.

ఈ దారిని మూసెయ్యడం కష్టం కాదు. సంకేతం మోసే తీగల చుట్టూ సన్నటి రాగి జాలీ అల్లి దాన్ని ఎర్తుకు కలిపితే, దాటి వచ్చిందంతా జాలీలోనే దిగి భూమికి పోతుంది. మంచి మైకు వైరును కోస్తే ఆ అల్లిక కనిపిస్తుంది. చవక రకాల్లో అల్లిక బదులు నాలుగు పోగులు చుట్టి వదిలేస్తారు.

రెండో దారి అయస్కాంత క్షేత్రానిది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే 50 హెర్ట్జ్ క్షేత్రాన్ని ఆ రాగి జాలీ దాదాపు ఆపలేదు. దాంట్లోంచి దూసుకుపోతుంది. ఇక్కడ పనికొచ్చేవి రెండే: దూరం, తీగలు పోయే తీరు. మైకుసెట్టు ఆయన సరిచేసింది ఆ రెంటినే.

కరెంటు తీగ చుట్టూ ఈ క్షేత్రం చేతికి గాజుల్లా చుట్టుకుని ఉంటుంది. పక్కనే మైకు వైరు ఉందనుకోండి. దాని లోపల రెండు తీగలు: ఒకటి వెళ్లేది, ఇంకోటి తిరిగి వచ్చేది. గాజులు ఆ రెంటి మధ్య ఖాళీలోంచి దూరితే అక్కడ వోల్టేజి పుడుతుంది. ఖాళీ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. అదే మైకు వైరును అడ్డంగా పెడితే, కరెంటు తీగకు ఒక పక్కన పైకి ఎక్కే క్షేత్రం, రెండో పక్కన కిందికి దిగే క్షేత్రం ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పైగా రెండూ దగ్గరగా ఉండేది ఆ దాటే రెండంగుళాల్లోనే. కూడిక గుర్తు బలం అదీ.

కొన్ని అంకెలు చూస్తే దూరం సంగతి తెలుస్తుంది. ఒకే ఒక్క తీగలో 1 ఆంపియర్ పారుతుంటే 10 సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం 2 మైక్రోటెస్లాలు. 20 సెంటీమీటర్ల దగ్గర 1. దూరం రెట్టింపయితే సగమే తగ్గింది. అదే తీగ పక్కన 5 మిల్లీమీటర్ల ఎడంలో తిరుగు తీగ కూడా ఉంటే? ఒకటి అటు మోస్తుంది, ఒకటి ఇటు మోస్తుంది. వాటి గాజులు ఎదురెదురు దిశల్లో తిరుగుతూ కొట్టేసుకుంటాయి. 10 సెంటీమీటర్ల దగ్గర మిగిలేది 0.1 మైక్రోటెస్లా, 20 దగ్గర అందులో నాలుగో వంతు. అడుగు దూరం పోయేసరికి ఒంటి తీగతో పోలిస్తే దాదాపు అరవయ్యో వంతు. దూరం ఎంత ఉన్నా, వెళ్లే తీగ, వచ్చే తీగ విడిపోకుండా ఉంటేనే అది పూర్తిగా ఫలిస్తుంది.

విడిపోతే ఏమవుతుందో కూడా లెక్క కట్టొచ్చు. 1 మైక్రోటెస్లా క్షేత్రంలో చదరపు మీటరు వైశాల్యమున్న వలయం ఉంటే అందులో పుట్టేది సుమారు 0.3 మిల్లీవోల్టు. చూడ్డానికి స్వల్పం. కానీ మైకు సంకేతమే ఒకటి రెండు మిల్లీవోల్టులు. చదరపు మీటరంటే 10 సెంటీమీటర్ల ఎడంతో 10 మీటర్లు పరిచిన జంట తీగ. పందిట్లో అది తెలియకుండానే తయారవుతుంది.

ఇంట్లోనూ తయారవుతుంది. మెట్ల లైటునే తీసుకోండి, కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు. పని తేలికవుతుందని ఫేజు కింది బోర్డు నుంచి, న్యూట్రల్ పైఅంతస్తు బోర్డు నుంచి తీసుకుంటారు. బల్బు వెలుగుతుంది, ఎవరూ అనుమానించరు. కానీ వెళ్లే తీగ ఒక గోడలో, వచ్చే తీగ ఇంకో గోడలో పడి ఇల్లంత వలయం ఏర్పడింది. ఎల్‌ఈడీ బల్బులు తీసుకునే కరెంటు తక్కువ కాబట్టి దీంతో ఇప్పుడు పెద్ద బాధ లేదు. గీజరుకు ఇలా పక్క సర్క్యూట్ న్యూట్రల్ అరువు తీసుకుంటే మాత్రం 13 ఆంపియర్లు ఇల్లు చుట్టి వస్తాయి. ఆ వలయం లోపల, దగ్గర్లో, ఎక్కడ పాటల రికార్డింగు పెట్టుకున్నా హోరు తప్పదు. అరువు న్యూట్రల్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రాణాలు కాపాడే ఆర్‌సీసీబీ స్విచ్చు చేసే పని, వెళ్లిన కరెంటూ వచ్చిన కరెంటూ సమానమేనా అని చూడటమే. తేడా 30 మిల్లీఆంపియర్లు దాటేలోపే ఆపేస్తుంది. తిరుగు కరెంటు వేరే దారిన పోతే అది మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడు కొందరు ఆ స్విచ్చే పాడైందని తీసి పక్కన పడేస్తారు. తప్పు తీగ దారిది. శిక్ష పడింది కాపలాదారుకు.

ఈ పాఠం టెలిఫోను తొలినాళ్లలో గట్టిగా తగిలింది. అప్పట్లో ఊళ్ల మధ్య ఒక్క తీగే లాగేవారు. తిరుగు దారి భూమి. అంటే ఒక కాలు స్తంభం మీద, ఇంకో కాలు మట్టిలో ఉన్న మైళ్ల పొడవు వలయం. అమెరికా నగరాల్లో కరెంటు ట్రాములు వచ్చాక ఆ ఫోన్లలో మాటలకన్నా రొదే ఎక్కువైంది. దాంతో భూమిని వదిలేసి రెండో తీగ లాగక తప్పలేదు. రెండు తీగల్ని ఒకదానిమీద ఒకటి మెలివేస్తే చాలా మేలని అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు తీసుకున్నాడు. తాడు పేనినట్టు పేనితే, ఒక మెలికలో కుడివైపున్న తీగ తర్వాతి మెలికలో ఎడమకు వస్తుంది. మొదటి మెలికలో పుట్టిన వోల్టేజిని రెండో మెలికలో పుట్టింది రద్దు చేస్తుంది. ఏ తీగా ఎప్పుడూ పక్కనున్న కరెంటు తీగకు దగ్గరగా ఉండిపోదు. లాభనష్టాలు ఇద్దరికీ సమానం.

రైలు పట్టాల పక్కన స్తంభాల మీద, తెల్లటి పింగాణీ గిన్నెలకు కట్టిన టెలిఫోను తీగలు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. కిటికీలోంచి చూస్తుంటే తీగలు లేచి, వాలి, మళ్లీ లేచేవి. కొన్ని స్తంభాలకోసారి తీగలు స్థానాలు మార్చుకునేవి, పైది కిందికి, కిందిది పైకి. స్తంభాల మీద తీగలు పేనలేరు కాబట్టి అదే వాటి మెలిక. తర్వాత ఆ పట్టాల మీదికి 25 వేల వోల్టుల కరెంటు వచ్చింది. నెత్తి మీద ఐదారు మీటర్ల ఎత్తున వెళ్లే తీగ, తిరుగు దారి పట్టాలు, నేల. ఇంజన్ లాగే వందల ఆంపియర్లు ఆ పెద్ద వలయంలో పారుతుంటే పక్కన టెలిఫోను తీగలు నిలవలేవు. అందుకే విద్యుదీకరణతోపాటు అవి భూమిలోకి దిగాయి. మన దేశంలో హైటెన్షన్ లైను వేయాలంటే టెలిఫోను తీగల మీద దాని ప్రభావం లెక్కకట్టి ఆమోదించడానికి పవర్ అండ్ టెలీకమ్యూనికేషన్ కోఆర్డినేషన్ కమిటీ అని ప్రత్యేకంగా ఒకటుంది. పందిట్లో పురికొస కోసిన పనే, కిలోమీటర్ల కొలతలో.

ఇవాళ బెల్ మెలిక మన ఇళ్లలోనే ఉంది. ఇంటర్నెట్టు కేబుల్ ముక్క దొరికితే పైతొడుగు ఒలిచి చూడండి. నీలం, నారింజ, పచ్చ, గోధుమ రంగుల్లో నాలుగు జతలు. ప్రతి జతలోనూ మెలికలు ఉంటాయి, కానీ ఒక్కో జతది ఒక్కో బిగువు. ఒకటి గట్టిగా పేనిన నులక, పక్కది కాస్త వదులు. అన్నీ ఒకే బిగువుతో ఉంటే మెలికకు మెలిక ఎదురుపడి జతలే ఒకదాని మాటలు ఒకటి వింటాయి. అందుకని కావాలనే తేడా పెట్టారు. కొసలో కనెక్టరు బిగించేటప్పుడు సౌకర్యం కోసం రెండు మూడంగుళాలు మెలిక విప్పేసేవాళ్లున్నారు. అర అంగుళానికి మించి విప్పకూడదు. విప్పినంత మేరా ఆ కేబుల్ మామూలు తీగే.

జత తీగకు ఇంకో కిటుకు తోడవుతుంది. అవతలి చివర పరికరం చూసేది రెండు తీగల మధ్య తేడాను. బయటి హోరు రెంటి మీదా సమానంగా పడితే తేడా మారదు. తక్కెడ రెండు పళ్లేల్లోనూ ఒకే బరువు రాళ్లు వేస్తే ముల్లు కదలనట్టు. స్టేజీ మైకులకు మూడు పిన్నుల కనెక్టరు ఉండేది ఇందుకే: రెండు సంకేతానికి, ఒకటి జాలీకి.

ఇంత రక్షణ ఉంది కాబట్టి నిజం చెప్పాలి. నెట్ కేబుల్ కరెంటు తీగ పక్కన రెండు మూడు మీటర్లు నడిచినంత మాత్రాన మీ ఇంట్లో నెట్ ఆగిపోదు. రెంటినీ ఒకే పైపులో దూర్చవద్దనడానికి నేను చెప్పే మొదటి కారణం హోరు కాదు, ప్రాణం. పైపులో తొడుగు ఒరుసుకుపోయి 230 వోల్టులు నెట్ తీగలోకి దిగితే ల్యాప్‌టాప్ పట్టుకున్న చెయ్యి దాకా వస్తుంది. వేరే పైపు, వేరే బాక్సు. సమాంతరంగా పోవాల్సిన చోట అడుగు ఎడం ఉంటే నిశ్చింత, దాటే చోట అడ్డంగా. స్లాబుకు పైపులు పరిచే రోజున ఇది చెప్పగలిగితే ఖర్చు రెండు పైపులు. గోడలకు గాడి కొట్టి, ప్లాస్టరింగ్ అయ్యాక గుర్తొస్తే ఖర్చు గోడంత. ఫైబర్ కేబుల్‌లో పోయేది వెలుగు కాబట్టి దానికి ఈ హోరు అంటదు. కానీ ఇళ్లకు లాగే ఫైబర్‌లో బలం కోసం ఉక్కు తీగ ఉండే రకాలున్నాయి. ఆ ఉక్కుకు కరెంటు బాగానే అంటుతుంది.

కార్లలో పాటల సెట్టు బిగించే పనివాళ్లు బ్యాటరీ తీగను ఒక పక్క తలుపుల వెంబడి, సంకేతపు తీగను రెండో పక్కనుంచి లాగుతారు. అలా చేయనిచోట ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో కీచు పెరుగుతుంది.

దూరమూ మెలికా అన్నీ సరిగ్గా ఉన్నా హోరు రావచ్చు. మిక్సర్‌ను స్టేజీ దగ్గరి ప్లగ్గులో, యాంప్లిఫయర్‌ను వెనకున్న ఇంకో ప్లగ్గులో పెడితే రెంటికీ వేర్వేరు ఎర్తులు. మధ్యలో వైరు జాలీ వాటిని కలిపేస్తుంది. ఎర్తు నుంచి మిక్సర్‌కు, జాలీ మీదుగా యాంప్లిఫయర్‌కు, మళ్లీ ఎర్తుకు పెద్ద వలయం పూర్తయింది. పాత రకం సీసీ కెమెరా తెర మీద అడ్డంగా నెమ్మదిగా కదిలే పట్టీలు చాలాసార్లు ఈ వలయం వల్లే. మందు సులువే, రెండు పరికరాలకూ ఒకేచోట నుంచి కరెంటు ఇవ్వడం. లేదా మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం.

కానీ పందిళ్లలో ఇంకో మందు నడుస్తోంది. ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేస్తారు. హోరు వెంటనే పోతుంది, నిజమే. వలయం తెగింది. దాంతోపాటు యాంప్లిఫయర్ రేకు మీదికి కరెంటు వస్తే భూమికి పోయే దారీ తెగింది. ఇక ఆ కరెంటు మైకు జాలీ వెంబడి స్టేజీ మీదికి వస్తుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి ఇనుప మైకు పట్టుకున్న మనిషి దాని కొత్త దారి. పాడేవాళ్లు, ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఇలా షాకు తిన్నారని వినని సీజను లేదు. మీ ఊరి ఉత్సవ కమిటీలో ఉంటే దయచేసి ఆ పిన్నులు ఒకసారి చూడండి. హోరు ఉంటే ఉండనివ్వండి.

మేడల మీద సోలార్ పలకలు బిగిస్తున్న ఈ రోజుల్లో వలయం సంగతి మరోలా ముందుకొచ్చింది. పలకల ప్లస్ తీగ ఒక పక్కనుంచి, మైనస్ తీగ డాబా చుట్టి రెండో పక్కనుంచి దింపితే మధ్యలో డాబా అంత వలయం. దగ్గర్లో పిడుగు పడితే సెకనులో లక్షో వంతులో వేల ఆంపియర్లు ఎగసి పడతాయి. మీ మేడను తాకనక్కర్లేదు. ఆ వలయంలో పుట్టే వోల్టేజే ఇన్వర్టర్‌ను కాల్చేయగలదు. రెండు తీగల్నీ ఒకే దారిన, ఆనించి దింపితే ఆ ముప్పు ఎంతో తగ్గుతుంది. అందుకు అదనంగా రూపాయి కూడా అక్కర్లేదు.

మొన్న అమ్మకు ఆయాసంగా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ కాగితం మీద గీత దట్టంగా, నూగు పట్టిన దారంలా వస్తోంది. గుండె నుంచి చర్మం దాకా వచ్చే విద్యుత్తు పెద్ద శిఖరం దగ్గర సుమారు 1 మిల్లీవోల్టు. మైకు లాంటిదే. గీతకు పట్టిన నూగు 50 హెర్ట్జ్. కుడికాలికి పెట్టే తీగ గుండెను వినడానికి కాదు, ఒంటి మీద పేరుకున్న ఆ హోరునే తిరగేసి ఒంట్లోకి పంపి అణచడానికి. ఇక్కడ అదీ సరిపోలేదు.

టెక్నీషియన్ పాతికేళ్ల అమ్మాయి. యంత్రం వైపు చూడలేదు. మంచం కిందికి వంగి, పక్క మంచం మోటారుకు వెళ్లే కరెంటు వైరు అమ్మ కాళ్ల మీదుగా పోయే తీగలతో కలిసి ఉండటం చూసి, దాన్ని లాగి గోడ వైపు వేసింది. విడివిడిగా దుప్పటి మీద పరుచుకున్న తీగల్ని దగ్గరికి చేర్చి జడలా ఒక్కటిగా పెట్టింది. "పెద్దమ్మా, ఒక్క నిమిషం కదలకండి" అని మళ్లీ మీట నొక్కింది.

కాగితం మీద గీత సన్నబడింది. పెద్ద శిఖరానికి ముందు, ఇందాకటిదాకా ఆ నూగులో మునిగి ఉన్న చిన్న మిట్ట, పైగదులు ముడుచుకున్నప్పుడు వచ్చేది, ప్రతి గుండెచప్పుడుకీ ఒక్కటి చొప్పున వరసగా కనబడింది.